పాత ట్రాంబోన్ స్లైడ్ మూడో స్థానం దగ్గర పట్టేస్తోంది: శుభ్రం చేస్తే సరిపోతుందా?

ప్రశ్న: కొత్తసాధన

ఇత్తడి వాద్యాలు వాయించే పెద్దలందరికీ నమస్కారం. ఒకరు కొన్నేళ్ళు వాడి, ఆ తర్వాత చాలాకాలం పెట్టెలోనే వదిలేసిన టెనర్ ట్రాంబోన్‌ను రెండు వారాల క్రితం కొన్నాను. అదనపు గొట్టాన్ని కలిపే ఎఫ్ వాల్వు లేని మామూలు రకం. గొట్టం లోపలి వ్యాసం 12.7 మిల్లీమీటర్లని అమ్మినవారు చెప్పారు. బెల్ (ముందుండే వెడల్పాటి మూతి) మీద రెండు చిన్న సొట్టలున్నా నాదం నాకు నచ్చింది. నా బాధంతా స్లైడ్‌తోనే, అంటే స్వరం మార్చడానికి ఒక్కో స్థానానికి ముందుకు వెనక్కు జరిపే జంట గొట్టాలతోనే.

మొదటి స్థానం నుంచి రెండో స్థానం దాకా అది ఫరవాలేదనిపించేలా కదులుతుంది. మూడో స్థానం దగ్గరకు రాగానే ఏదో గరుకుగా చేతికి తగులుతుంది, నాలుగో స్థానం దాటాక మళ్ళీ తేలికవుతుంది. బయటి స్లైడ్‌ను పూర్తిగా తీసి చూస్తే లోపలి గొట్టాల మీద గోధుమరంగు జిగురు పేరుకుని ఉంది. తెల్లని గుడ్డతో ఒక్కసారి తుడిస్తే నల్లగా, అంచుల్లో కాస్త ఆకుపచ్చగా మరక దిగింది. ఒక గొట్టం చివరన వేలిగోరంత మేర మెరుపు పోయి మసకబారి ఉంది. అది మురికో, పూత అరిగిపోవడమో నాకు తెలియడం లేదు.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. వచ్చిన రోజే ఆత్రం కొద్దీ కుట్టుమిషను నూనె వేశాను. ఆ సాయంత్రం హాయిగా జారింది కానీ, మూడో రోజుకు మునుపటికన్నా బిరుసెక్కింది.

దీన్ని ఇంట్లో నీళ్ళతో కడగవచ్చా? కడిగితే ఏ క్రమంలో కడగాలి? నూనె, క్రీము, రెండు సీసాల ద్రవం అంటూ రకరకాలు కనిపిస్తున్నాయి, వాటిలో దేనిని ఎంచుకోవాలి? లేక ఇవేవీ చేయకుండా నేరుగా బాగుచేసేవారి దగ్గరకే తీసుకువెళ్ళాలా? దయచేసి చెప్పగలరు.

సమాధానం: ఏడోస్థానం

కొత్తసాధన గారూ, మీరు వర్ణించిన తీరు బాగుంది. ఎక్కడ పట్టేస్తోందో, ఎక్కడ వదులుతోందో చెప్పినందువల్ల సగం పని తేలికైంది. నూనె సీసా కోసం వెతకడం మాత్రం కాసేపు ఆపండి. స్లైడ్ సరిగా కదలకపోవడానికి మూడు వేర్వేరు కారణాలుంటాయి: మురికి, వంకర లేదా సొట్ట, పూత అరుగుదల. ఈ మూడూ చేతికి దాదాపు ఒకేలా తెలుస్తాయి, కానీ ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు. మురికిని మీరే వదిలించవచ్చు, మిగిలిన రెండూ మీ చేతిలోని పనులు కావు. మురికి పూర్తిగా పోతే తప్ప మిగిలిన రెండూ ఉన్నాయో లేదో తెలియదు కాబట్టి, కడగడంతోనే మొదలుపెట్టాలి.

ముందుగా స్లైడ్ నిర్మాణం గురించి ఒక మాట. లోపలి స్లైడ్‌లో రెండు గొట్టాలుంటాయి, ఒకటి మౌత్‌పీస్ వైపు, రెండోది బెల్ వైపు. సాధారణంగా వాటిని నికెల్ సిల్వర్‌తో చేసి, పైన క్రోమ్ పూత వేస్తారు. (పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు. అది రాగి, నికెలు, జింకు కలిసిన లోహం.) ఆ గొట్టాల చివర సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్ల మేర మందం కొంచెం ఎక్కువగా ఉంటుంది, దాన్నే స్టాకింగ్ అంటారు. బయటి గొట్టాన్ని తాకుతూ జారేది ప్రధానంగా ఈ భాగమే, పైనున్న గొట్టమంతా దాదాపుగా గాలిలో తేలుతూ ఉంటుంది. రెండింటి మధ్యనున్న సందు మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. అందుకే కంటికి ఆనని సొట్ట కూడా చేతికి తగులుతుంది, పలుచని జిగురు పొర కూడా బరువవుతుంది.

ఇక కడిగే పద్ధతి. బెల్ భాగాన్ని విడదీసి పక్కన పెట్టండి, ప్రస్తుతం మనకు స్లైడ్ చాలు. స్నానాల తొట్టిలోనో వెడల్పాటి పాత్రలోనో అడుగున మందపాటి తువ్వాలు పరిచి గోరువెచ్చని నీళ్ళు నింపండి. వేడినీళ్ళు వద్దు, ఇత్తడి మీది మెరిసే లాకర్ పూత పొక్కిపోయే ప్రమాదం ఉంది. గిన్నెలు తోమే మామూలు ద్రవ సబ్బును కొద్దిగా కలపండి. లోపలి, బయటి స్లైడ్‌లను విడివిడిగా పదిహేను ఇరవై నిమిషాలు నాననివ్వండి. రెండింటినీ ఒకేసారి నీళ్ళలో వేయకండి, ఒకదానికొకటి తగిలినా సొట్ట పడవచ్చు.

నానిన తర్వాత వంగే తీగ బ్రష్‌ను లోపలి గొట్టాల గుండా నెమ్మదిగా పోనివ్వండి. మౌత్‌పీస్ వైపు గొట్టం మొదట్లో లీడ్‌పైప్ అనే పలుచని గొట్టం ఉంటుంది, అక్కడ బలంగా తోమవద్దు. అదే బ్రష్ బయటి స్లైడ్ కొననున్న వంపులోకి కూడా వంగి వెళుతుంది, ఉమ్మితడి నిలిచేదీ గార కట్టేదీ ఎక్కువగా అక్కడే. ఉమ్మితడి వదిలే చిన్న మూత అయిన వాటర్ కీని తెరిచి పట్టుకుని నీళ్ళు వదిలితే ఆ సన్నని రంధ్రం కూడా శుభ్రపడుతుంది.

అసలు పని బయటి గొట్టాల లోపలి గోడల మీద ఉంది. పాత నూనెలన్నీ ఎండి నల్లటి పొరగా మారేది అక్కడే, దాన్ని బ్రష్ పూర్తిగా తీయలేదు. ట్రాంబోన్ కోసమే అమ్మే పొడవాటి కడ్డీ ఒకటి ఉంటుంది, దాని కొనన సూది కన్నంలాంటి రంధ్రం ఉంటుంది. పోగులు రాలని నూలుగుడ్డ పేలికను అందులో దూర్చి, కొన మీదుగా మడిచి, కడ్డీ పొడవునా చుట్టండి. లోహం ఎక్కడా బయటికి కనిపించకూడదు, గుడ్డ మరీ లావు కాకూడదు. కడ్డీని గొట్టంలో తిప్పుతూ ముందుకు వెనక్కు ఆడించండి. వంపు మొదలయ్యేచోట ఆగిపోండి, దాన్ని దాటి నెట్టవద్దు.

ఏ గొట్టాన్ని తుడుస్తున్నారో ఆ గొట్టాన్నే రెండో చేత్తో పట్టుకోవడం మరచిపోకండి. చాలామంది అలవాటుగా అడ్డుపట్టీనో పక్క గొట్టాన్నో పట్టుకుంటారు. కడ్డీ బిగిసిన క్షణంలో మీ బలమంతా టంకం అతుకుల మీద పడి, రెండు గొట్టాల సమాంతరం చెడుతుంది. మురికి వదిలించబోయి వంకర తెచ్చుకున్నట్టవుతుంది.

గుడ్డ మారుస్తూ, మరక దిగడం ఆగేవరకు ఈ పని చేయండి. మీ విషయంలో కుట్టుమిషను నూనె పాత జిగురుతో కలిసి ఉంటుంది కనుక అరడజను పేలికలైనా పడతాయనుకుంటున్నాను. చివరికి మంచినీళ్ళతో సబ్బు పోయేలా కడిగి, పొడిగుడ్డతో మరోసారి తుడిచి ఆరనివ్వండి.

ఆరాక, ఇంకా ఏ నూనే వేయకముందే ఒక పరీక్ష చేయండి. లోపలి స్లైడ్ మౌత్‌పీస్ వైపు గొట్టాన్ని మాత్రమే దాని జత బయటి గొట్టంలోకి దూర్చి, రెండో కాలు (అంటే జంటలోని రెండో గొట్టం) పక్కకు తప్పుకుని ఉండేలా కొంచెం తిప్పి, మెల్లగా పైకి కిందికి కదపండి. తర్వాత బెల్ వైపు గొట్టంతో అలాగే చేయండి. విడివిడిగా రెండూ తేలికగా జారి, కలిపి పెట్టినప్పుడు మాత్రమే పట్టేస్తే, గొట్టాల సమాంతరం తప్పిందని అర్థం. ఒక కాలు ఒంటరిగా ఉన్నప్పుడే పట్టేస్తే, ఆ గొట్టంలోనే సొట్టో వంకరో ఉందని అర్థం. ఫలితం ఇక్కడ రాయండి, తర్వాతి మాట అప్పుడు చెప్పుకుందాం.

సమాధానం: రాగితీగ

ఇంత శ్రమ అవసరమా అనిపిస్తోంది. నేను పాత స్లైడ్‌కు కొద్దిగా టూత్‌పేస్ట్ రాసి, వందసార్లు ముందుకు వెనక్కు లాగి కడిగేశాను. గరుకుతనం పోయింది, రెండేళ్ళుగా వాయిస్తున్నాను. బయట మెరుపు కోసం ఇత్తడి పాలిష్ వాడితే లోపలి గొట్టాల మసక కూడా పోతుంది. ఒకసారి ప్రయత్నించి చూడండి.

సమాధానం: ఏడోస్థానం

రాగితీగ గారూ, మీకు మేలు జరిగి ఉండవచ్చు, కాదనను. కానీ ఆ వందసార్లలో అరిగింది ఏమిటో ఒకసారి ఆలోచించండి. క్రోమ్ చాలా గట్టిది, బయటి గొట్టపు ఇత్తడి దానికన్నా మెత్తన. మధ్యలో రాపిడి పదార్థం పెట్టి లాగినప్పుడు ముందుగా తరిగిపోయేది ఇత్తడే. కొత్త స్లైడ్ మరీ బిగువుగా ఉన్నప్పుడు అనుభవజ్ఞులు లెక్కగా చేసే పని అది. ఏళ్ళ తరబడి వాడిన స్లైడ్‌లో సందు ఇప్పటికే పెరిగి ఉంటుంది, దాన్ని ఇంకా పెంచితే గాలి తప్పించుకుంటుంది, కింది స్థాయి స్వరాలు పలచబడతాయి. పైగా కొత్తసాధన గారి స్లైడ్ ఒక్క చోటే పట్టేస్తోంది. అక్కడ సొట్ట ఉంటే, దాన్ని తీయకుండా గొట్టం పొడవునా అరగదీయడం కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టే అవుతుంది.

ఇత్తడి పాలిష్ సంగతి మరీ ప్రమాదం. అందులోని సన్నని పొడి స్టాకింగ్ మీద మిగిలిపోతే, మీరు వాయించినంతసేపూ అది సానరాయిలా పనిచేస్తూనే ఉంటుంది. బెల్ మీద ఎలా వాడుకున్నా, స్లైడ్ దరిదాపులకు దాన్ని రానివ్వవద్దని నా సలహా.

సమాధానం: మంద్రస్థాయి

కడ్డీ విషయంలో నా అనుభవం చెబుతాను, ఎవరికైనా పనికివస్తుంది. నా మొదటి ట్రాంబోన్‌ను శుభ్రం చేసేటప్పుడు, గుడ్డ ఎంత మందంగా ఉంటే అంత బాగా తుడుస్తుందనే నమ్మకంతో పాత బనియను ముక్కను రెండు మడతలు వేసి చుట్టాను. దిగేటప్పుడు బాగానే దిగింది. నాలుగంగుళాలు వెనక్కు లాగేసరికి గుడ్డ కడ్డీ మీద నుంచి జారి, ముడతలు పడి, గొట్టం అడుగున బిరడాలా బిగిసిపోయింది. కడ్డీ ఖాళీగా నా చేతిలోకి వచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను గొడుగు ఊచను వంచి, కొక్కెంలా చేసి, దానితో లాగబోయాను. గుడ్డ రాలేదు సరికదా, గొట్టం లోపలి గోడ మీద పొడవాటి గీత పడింది. చివరికి బాగుచేసేవారు బయటి స్లైడ్ వంపును టంకం కరిగించి విడదీసి, అవతలి వైపు నుంచి గుడ్డను బయటికి నెట్టారు. వంపును తిరిగి అతికించి, గొట్టాల సమాంతరం మళ్ళీ సరిచేయవలసి వచ్చింది. గీత మాత్రం ఉండిపోయింది. ఇప్పటికీ ఆ స్లైడ్‌ను నెమ్మదిగా లాగితే ఒకచోట చిన్న గుసగుస వినిపిస్తుంది.

అప్పటి నుంచి నేను పాటించేవి రెండే. గుడ్డ పేలిక కడ్డీకన్నా పొడవుగా ఉండాలి, దాని రెండో కొస ఎప్పుడూ నా గుప్పిట్లో ఉండాలి. దిగేటప్పుడు ఏ మాత్రం బిగువనిపించినా అక్కడే ఆగి, వెనక్కు తీసి, ఒక పొర తగ్గించాలి.

ఇంకో చిన్న విషయం. పాత వాద్యాల్లో మౌత్‌పీస్ ఇరుక్కుపోయి ఉండడం మామూలే. మీది కూడా అలా ఉంటే పటకారుతో తిప్పవద్దు, లీడ్‌పైప్ మెలికపడిపోతుంది. దాన్ని నేరుగా వెనక్కు లాగే మరచట్రం బాగుచేసేవారి దగ్గర ఉంటుంది, రెండు నిమిషాల పని.

సమాధానం: గాలిపాట

ఎవరూ ఎత్తనందున ఆరోగ్యం గురించి నాలుగు మాటలు. చాలాకాలం మూసిపెట్టిన పెట్టెలోని వాద్యాన్ని కడగకముందు నోట పెట్టుకోకపోవడమే మంచిది. ఏళ్ళ తరబడి దగ్గుతో బాధపడిన ఒక ట్రాంబోన్ వాద్యకారుడి ఉదంతాన్ని 2010లో అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయ వైద్యులు ‘చెస్ట్’ అనే వైద్యపత్రికలో ప్రచురించారు. ఆయన వాద్యం లోపలి నుంచి తీసిన నమూనాల్లో ఫ్యుజేరియం అనే బూజు, క్షయ కారక క్రిమికి దూరపు బంధువులైన మైకోబాక్టీరియా కనిపించాయి. వాటిని పీల్చడం వల్ల ఊపిరితిత్తులు ప్రతిచర్య చూపాయని వారు భావించారు. వాద్యాన్ని క్రమం తప్పకుండా శుభ్రం చేయడం మొదలుపెట్టాక ఆయన దగ్గు తగ్గింది. ఇది అరుదైన సంగతే, భయపడనక్కరలేదు. కానీ మీ పెట్టె లోపల ముక్కవాసన వస్తుంటే లోపలి స్పాంజిని మార్చేయండి లేదా పెట్టెను తెరిచి రెండు మూడు రోజులు ఎండ సోకేలా ఉంచండి. శుభ్రమైన స్లైడ్‌ను బూజు పట్టిన పెట్టెలో పెడితే చేసిన పనంతా వృథా.

తీపి తిన్న నోటితో వాయించకుండా, కనీసం పుక్కిలించి వాయించే అలవాటు చేసుకుంటే గార సగానికి సగం తగ్గుతుందని నా అనుభవం.

ప్రశ్నించినవారు: కొత్తసాధన

అందరికీ ధన్యవాదాలు. నిన్న మధ్యాహ్నమంతా ఈ పని మీదే కూర్చున్నాను. ఏడోస్థానం గారు అరడజను పేలికలన్నారు కానీ, నాకు పదకొండు పట్టాయి. మొదటిది తారు పూసినట్టు వచ్చింది, నాలుగోదానికి ఆకుపచ్చ పోయింది, పదకొండోది దాదాపు తెల్లగా వచ్చింది. వంపులోంచి బ్రష్‌తో పాటు చిన్న సున్నపు పెంకుల్లాంటివి రాలాయి. మంద్రస్థాయి గారి మాట విని పేలిక కొసను చేతికి చుట్టుకునే పని చేశాను. రెండుసార్లు బిగిసినట్టనిపించినా ఇబ్బంది లేకుండా బయటికి వచ్చింది.

పరీక్ష ఫలితం ఇది. మౌత్‌పీస్ వైపు కాలు ఒంటరిగా నీళ్ళలా జారుతోంది. బెల్ వైపు కాలు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పట్టేస్తోంది. స్లైడ్ మొత్తం ఇప్పుడు చాలా తేలికైంది, గరుకుతనం మాత్రం అదే చోట ఉంది, మిగతా చోట్ల లేకపోవడం వల్ల ఇంకా స్పష్టంగా తెలుస్తోంది. కొలిచి చూశాను. మూసిన స్థితి నుంచి సుమారు 15 సెంటీమీటర్లు లాగాక పట్టు మొదలవుతుంది, 26 సెంటీమీటర్ల దగ్గర వదిలేస్తుంది. బయటి గొట్టాన్ని ఎంత చూసినా నాకు సొట్ట కనిపించలేదు.

మెరుపు పోయిన మచ్చ కడిగినా పోలేదు. గోరుతో గీస్తే అంచు తగులుతోంది, లోపల రంగు కొంచెం పసుపు కలిసిన బూడిదరంగులా ఉంది. అది మౌత్‌పీస్ వైపు గొట్టం స్టాకింగ్ మీద, అడుగు భాగంలో ఉంది.

సమాధానం: ఏడోస్థానం

సొట్ట ఎక్కడుందో మీ కొలతలే చెప్పేశాయి. స్లైడ్ మూసి ఉన్నప్పుడు స్టాకింగ్ బయటి గొట్టం అడుగున, వంపు పక్కనే ఉంటుంది. మీరు బయటి స్లైడ్‌ను ముందుకు లాగినకొద్దీ, స్టాకింగ్ ఆ గొట్టంలో మీ వైపుకు ఎక్కివచ్చినట్టవుతుంది. దాని పై అంచు సొట్టను తాకిన క్షణంలో పట్టు మొదలవుతుంది, కింది అంచు దాన్ని దాటిన క్షణంలో వదిలేస్తుంది. మీకు 15 దగ్గర మొదలై 26 దగ్గర వదిలింది, మధ్యనున్న 11 సెంటీమీటర్లు అచ్చం స్టాకింగ్ పొడవే. కనుక బెల్ వైపు బయటి గొట్టంలో, వంపు అతుకు నుంచి పైకి దాదాపు 26 సెంటీమీటర్ల దూరంలో సొట్ట ఉండాలి. స్టాకింగ్‌కు పైనున్న గొట్టం సన్నగా ఉండడం వల్ల అది సొట్టకు తగలకుండా దాటిపోతోంది. అందుకే రెండో స్థానం దాకా మీకు హాయిగా ఉంది. నాలుగో స్థానం తర్వాతైతే లోపలి గొట్టం మొత్తం సొట్టను దాటేసి ఉంటుంది.

అక్కడ ఒక కాగితపు పట్టీ అంటించి గుర్తు పెట్టుకోండి. తర్వాత గదిలోని దీపాలు ఆర్పి, ఒకే ఒక గొట్టపు దీపం కింద నిలబడి, ఆ వెలుగు గీత గొట్టం పొడవునా ప్రతిబింబించేలా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. తిన్నని గొట్టం మీద ఆ గీత తిన్నగా ఉంటుంది, సొట్ట మీద చిన్నగా వంకర తిరుగుతుంది. గోటితో వెతికేకన్నా ఇది నమ్మదగిన పద్ధతి.

దాన్ని మీరు తీయబోకండి. బాగుచేసేవారు సరిగ్గా ఆ వ్యాసానికే చేసిన ఉక్కు కడ్డీని గొట్టం లోపల ఉంచి, బయటి నుంచి తేలికగా తట్టి సొట్టను ఎత్తుతారు. లోపల ఆ ఆధారం లేకుండా తడితే ఒక సొట్ట రెండవుతుంది. మీ కాగితపు గుర్తు, ఆ రెండు అంకెలు వారికి చూపిస్తే వెతికే పని తప్పుతుంది. గొట్టాల సమాంతరం కూడా చూడమని అడగండి, ఎలాగూ బల్ల మీద పెడతారు.

మచ్చ సంగతి దాచకుండా చెబుతాను. మీరు వర్ణించినది క్రోమ్ అరిగిపోవడమే. అది కడిగితే పోదు, పాలిష్‌తో పోదు, మళ్ళీ రాదు. కానీ వేలిగోరంత మచ్చతో ఏళ్ళ తరబడి వాయించినవారిని చూశాను. భయపడవలసింది మచ్చను చూసి కాదు, దాని అంచును చూసి. పూత పెచ్చులుగా లేస్తుంటే ఆ పెచ్చు బయటి గొట్టాన్ని గీకుతుంది. బాగుచేసేవారిని అంచు లేస్తోందా అని ప్రత్యేకంగా అడగండి. లేవకపోతే అలాగే వదిలేయండి. లేస్తుంటే లోపలి గొట్టం మార్చడమో, మళ్ళీ పూత వేయించడమో చేయాలి. అప్పుడు ఈ వాద్యం మీద అంత ఖర్చు సబబా అన్నది మీరు నిర్ణయించుకోవలసిన విషయం. బయటి స్లైడ్ కింది భాగంలో గులాబీరంగు చుక్కలేమైనా ఉన్నాయేమో కూడా చూడండి. ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి మిగిలితే ఆ రంగు వస్తుంది, అది సాధారణంగా లోపలి నుంచి బయటికి తినుకుంటూ వస్తుంది.

గాలి తప్పించుకుంటోందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. మంచం మీద మెత్తని పరుపు పైన, స్లైడ్ భాగాన్ని మాత్రం నిలువుగా పట్టుకుని, కొంచెం కందెన వేసి, పైనున్న రెండు రంధ్రాలనూ బొటనవేళ్ళతో మూసి, స్లైడ్‌ను కదలకుండా పట్టి ఉంచే తాళం వదిలేయండి. బయటి స్లైడ్ నెమ్మదిగా, తేనె కారినట్టు దిగితే గాలి నిలుస్తున్నట్టు. ధబ్బున జారితే ముందు వాటర్ కీ బిరడాను అనుమానించండి. నొక్కుకుపోయి గట్టిపడిన బిరడాను మార్చడం చిన్న పని, చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది.

సమాధానం: మంద్రస్థాయి

కందెన గురించి అడిగారు, ఎవరూ సూటిగా చెప్పలేదు. నా అభిప్రాయం ఇది. మామూలు స్లైడ్ నూనె సులువు, కానీ తరచుగా వేయాలి, అందుకే నాకు అది నచ్చదు. ట్రాంబోటీన్ లాంటి క్రీమైతే వేలి కొసతో ఆవగింజంత తీసుకుని స్టాకింగ్‌ల మీద మాత్రమే పలుచగా రాసి, మిగిలినది తుడిచేసి, పైన నీళ్ళు పిచికారీ చేయాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ జారుతుందనుకోవడం పొరపాటు, ఎక్కువైన క్రీమే తర్వాత జిగురవుతుంది. స్లైడ్-ఓ-మిక్స్ రెండు సీసాల రకంలో చిన్న సీసా ముందు, పెద్ద సీసా తర్వాత. దాని మీద కూడా నీళ్ళు చల్లుతూ ఉండాలి. నేను చాలాకాలంగా ఇదే వాడుతున్నాను.

ఏది ఎంచుకున్నా దానితోనే ఉండండి. నూనె మీద క్రీము, క్రీము మీద సిలికోన్ చుక్కలు వేస్తే పదకొండు పేలికల కథ మళ్ళీ మొదటికి వస్తుంది. రకం మార్చాలనిపిస్తే ముందు పూర్తిగా కడిగి మార్చండి. బెల్ భాగంలో శ్రుతి సరిచేసే ట్యూనింగ్ స్లైడ్‌కు మాత్రం ఇవేవీ పనికిరావు, అది నిలిచి ఉండాలి కాబట్టి దానికి చిక్కటి గ్రీజు రాయాలి.

వాయించిన ప్రతిసారీ నీళ్ళు వదిలి, లోపలి గొట్టాలను తుడవండి. వారానికొకసారి కడ్డీతో బయటి గొట్టాలు, రెండు మూడు నెలలకొకసారి పూర్తి స్నానం చాలు. వాయించడం ఆపి చేతిలో పట్టుకున్న ప్రతి క్షణం స్లైడ్ తాళం వేసి ఉంచండి. నేను చూసిన సొట్టల్లో ఎక్కువ భాగం వాయిస్తున్నప్పుడు పడినవి కావు, పక్కవారితో మాట్లాడుతూ నిలబడినప్పుడు పడినవే.

ప్రశ్నించినవారు: కొత్తసాధన

ఈ రోజు బాగుచేసే ఆయన దగ్గర నుంచి ట్రాంబోన్‌ను తీసుకువచ్చాను. సొట్ట వంపు అతుకు నుంచి 25 సెంటీమీటర్ల పైచిలుకు దూరంలో, నేను అంటించిన కాగితపు పట్టీ అంచు కిందే ఉంది. కంటికి ఏమీ కనిపించలేదు కానీ, దీపం కింద వెలుగు గీత అక్కడ వెంట్రుకవాసి వంగింది. ఆయన పావుగంటలో ఎత్తేశారు. గొట్టాల సమాంతరంలో పెద్ద తేడా లేదన్నారు. క్రోమ్ అంచు లేవడం లేదట, నాలుగైదు నెలలకొకసారి గోటితో తడిమి చూసుకోమన్నారు. వాటర్ కీ బిరడా మాత్రం మార్చవలసి వచ్చింది, నేను పరీక్ష చేసినప్పుడు స్లైడ్ ధబ్బుమని పరుపు మీద పడింది.

రెండు సీసాల రకమే కొన్నాను. ఇప్పుడు మూడో స్థానం ఎక్కడుందో చెవితో వెతుక్కోవలసి వస్తోంది. ఇన్నాళ్ళూ ఆ గరుకు తగిలినచోటే మూడో స్థానమని చెయ్యి గుర్తుపెట్టుకున్నట్టుంది.

సమాధానం: ఏడోస్థానం

సంతోషం. చెవితోనే వెతకండి. ఆ సొట్ట చెప్పిన చోటు ఎలాగూ కొంచెం ఎక్కువ శ్రుతిలో ఉండి ఉంటుంది.